బోర్లించిన కుర్చీలు

వనిత జిలేబీ పంచుతుంటే జైపాల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆమె లైన్ నుంచి వెళ్ళిన కుర్చీల్లో ఈ వారం ఒక్కటే తిరిగొచ్చిందట. దానికే సంబరం. జైపాల్ లైన్‌వి మాత్రం ట్రాలీలో వచ్చి గేటు దగ్గర కూలబడి ఉన్నాయి. ఒకదానికి చక్రం లేదు, ఇంకోదానికి వీపు లేదు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో పనిచేసే వాళ్ళందరికీ గిర్రున తిరిగే కుర్చీలు కావాలి. మొయినాబాద్‌లో ఒక రేకుల షెడ్డులో వాటిని బిగించి పంపేవారు. షెడ్డు యజమాని రామచంద్రయ్య. మోకిలలో పొలం ప్లాట్లకు అమ్మి ఈ వ్యాపారంలోకి దిగాడు. నగరంలో ఎవరో నాణ్యత గురించి క్లాసు చెబితే విని వచ్చి, షెడ్డులో ఉన్న రెండు లైన్ల మధ్య పోటీ పెట్టాడు.

జైపాల్ లైన్‌ది పాత పద్ధతి. పనివాళ్ళు చకచకా బిగించేస్తారు. చివర్లో జైపాల్ ఒక్కో కుర్చీని ఊపి చూసి, లోపం ఉన్నదాన్ని బోర్లించి పక్కన పెడతాడు. వనిత లైన్‌ది కొత్త పద్ధతి. చివర్లో చూసేవాడే ఉండడు. ఎవరు బిగించింది వాళ్ళే చూసుకోవాలి. అనుమానం వస్తే గంట కొట్టి లైన్ ఆపేయాలి. దసరా నాటికి ఎవరి కుర్చీలు తక్కువ తిరిగొస్తే, చేవెళ్ళలో కట్టే కొత్త షెడ్డుకు వాళ్ళే ఇన్‌చార్జి. ఒకరి సరుకులో ఒకరు వేలు పెట్టకూడదని షరతు.

ఆ పదవి తనదేనని జైపాల్ తన ఊరు ముడిమ్యాలలో అందరికీ చెప్పుకున్నాడు. షెడ్డుకు రేకులు వేసిన రోజు నుంచీ ఉన్నవాడు మరి. నిన్నగాక మొన్న పక్కూరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి చేరిన పిల్ల దాన్ని ఎగరేసుకుపోతే ఇక ఊళ్ళో తలెత్తుకునేదెట్లా?

వనిత అతని దగ్గరికే వచ్చి పొట్లం చాపింది.

"తీస్కో అన్నా."

తీసుకున్నాడు. తినబుద్ధి కాక జేబులో వేసుకున్నాడు. జేబంతా పాకమైంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక జైపాల్ ఆమె సరుకు ఉన్న గదిలోకి దూరాడు. ఒక్క లోపమైనా దొరక్కపోతుందా అని ఆశ. దొరికాయి. ఒకటి కుంటుతోంది, ఇంకోదాని చెయ్యి వదులుగా ఉంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ వాటిని బోర్లించి పెట్టాడు. పొద్దున యజమాని కంట పడితే చాలు, తను వేలు పెట్టిన సంగతి చెప్పుకోవాల్సిన పనే లేదు.

తీరా యజమాని వచ్చేసరికి కుర్చీలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. వనిత అప్పటికే వచ్చేసింది. కాసేపటికి అన్నీ లారీ ఎక్కేశాయి.

ఎంత తెగింపు అనుకున్నాడు జైపాల్. తెలిసి తెలిసి పాడు సరుకు పంపింది. అదీ మంచిదే. అవి తిరిగొస్తే అప్పుడు బయటపడుతుంది ఆమెగారి కొత్త పద్ధతి.

అవి తిరిగి రాలేదు. శనివారం మళ్ళీ జిలేబీ వచ్చింది.

అప్పటినుంచి రోజూ అదే పని. తన లైన్ కుర్చీల్ని చూసీ చూడనట్టు వదిలేసి, ఓపికంతా ఆమె కుర్చీలకే దాచుకున్నాడు. ఊపి చూసేవాడు, ఎక్కి కూర్చునేవాడు, కిందికి దూరి బోల్టులు తడిమేవాడు. పెళ్ళిచూపుల్లో భార్య రేణుకను కూడా అంత పట్టి చూసి ఉండడు. అతను బోర్లించినవి తెల్లారేసరికి నిలబడేవి, లారీ ఎక్కేవి. ఒక్కటీ వెనక్కి వచ్చేది కాదు. ఆ కంప్యూటర్ల వాళ్ళకు కూర్చోవడం కూడా సరిగ్గా రాదేమోనని తిట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు విసుగొచ్చింది. పోతే పోనీ అనుకుని, పని కాగానే నేరుగా ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వేళకు అన్నం తిన్నాడు, కడుపునిండా నిద్రపోయాడు. అంతలో ఒకరోజు టీ తాగే చోట వనిత పక్కన వచ్చి నిలబడింది.

"అన్నా, చేవెళ్లల నా రూముకు ఏ రంగు ఏపిస్తే మంచిగుంటది?"

జైపాల్ మిగతా టీ పారబోశాడు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆమె కుర్చీల కిందే ఉన్నాడు.

దసరా ముందు రామచంద్రయ్య ఇద్దరినీ పిలిచాడు. వనితది ఆ మొదట్లో వచ్చిన ఒక్కటే. మిగతా వాపసు సరుకంతా జైపాల్‌ది. చేవెళ్ళ షెడ్డు వనితకే ఇస్తున్నానని, ఇక అన్నిచోట్లా ఆమె పద్ధతేనని చెప్పాడు. జైపాల్ ఇక ఆగలేకపోయాడు. షరతు తప్పినట్టు తెలిస్తే తెలియనీ అనుకున్నాడు.

"ఆమె పద్ధతి ఉత్తదే సార్. రోజు పొద్దూకినంక నేనే పోయి చూసిన. పాడున్నయన్ని బోర్లేసి పెడితే, మల్ల నిలవెట్టి లారీకెక్కిచ్చింది."

రామచంద్రయ్య మొహం మారింది. ఈయన చెప్పేది నిజమేనా అని వనితను అడిగాడు.

వనిత జైపాల్ వైపు చూసి నవ్వింది.

"నిజమే సార్, అన్న బోర్లేసినయన్ని పొద్దుగాల వొచ్చి బాగుజేసినంకనే ఎక్కిచ్చిన, నడుమ ఆయన చూసుడు బంద్ జేస్తే భయమైతెనే పోయి రూము రంగు అడిగిన."