తోడు నడక

"అడుగు పెద్దదిగా వెయ్యండి. చేతులు ఊపండి," అంది భార్య.

వాచీల మెకానిక్ నేల మీద అంటించిన రంగు టేపులు దాటుకుంటూ హాల్లో నడిచాడు. కిటికీలోంచి ఎదురుగా తన కొట్టు, దించిన షట్టరు కనిపిస్తున్నాయి. మూడు నెలలైంది దాన్ని తెరిచి. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. పాత ఖాతాదారులు వచ్చి, షట్టరు చూసి, తిరిగి వెళ్ళిపోతుంటే ఉసూరుమంటాడు. సొంత ఇంట్లోనే ఖైదీ అయిపోయాడు.

ఆవిడ తన భుజం నొప్పి చూపించుకుందామని వెళ్తే ఈయన పార్కిన్సన్స్ జబ్బు బయటపడిందని అందరికీ చెబుతుంది. డాక్టరు అతన్నొక్కణ్నే లోపలికి పిలిచి మాట్లాడాడు. మందులు తర్వాత చూద్దాం, ముందు వ్యాయామం ఒక్కరోజు కూడా తప్పకూడదన్నాడు.

"ఒక్క గంట కొట్టుకెళ్ళొస్తానే. చేతులు ఊరుకోవడం లేదు."

"అవి ఊరుకోవడం లేదనేగా నా బాధ."

ఆవిడ చూపు పడగానే అతని కుడిచెయ్యి గడగడలాడింది.

"సరే, నువ్వూ రా. తోడు లేకపోతే నేను కదలను."

"నాకెందుకండీ ఈ కోతి గంతులు," అని గొణుగుతూనే వెంట నడిచింది. తన ఒంట్లో బాగోలేదని ఏనాడూ ఒక్క మాత్ర వేసుకున్న మనిషి కాదు. మొగుడు తుమ్మితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. నరాల బలానికని పక్కింటావిడ ఏదో పొడి ఇస్తే అతనే పారేయించాడు. డాక్టరు రాసిన డి విటమిన్ ఒక్కటే మింగుతాడు, అదీ భార్య కూడా వేసుకుంటేనే. ముసలి చాదస్తం అంటుంది ఆవిడ.

నడక అయ్యాక క్యాలెండర్ మీద 'అయింది' అని రాసింది. మొదట్లో గుమ్మడికాయలంత ఉండే అక్షరాలు ఇప్పుడు ఆవగింజలైపోయాయి. చేతికి వాచీ పెట్టుకోబోయి, బకిల్ మొండికేస్తోందని విసుక్కుని బల్ల మీద పడేసింది.

"పాలు మాడుతున్నాయే," అన్నాడతను.

"అయ్యో, నాకు వాసనే రాలేదు," అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

అతను గబగబా డ్రాయరు తెరిచాడు. పట్టకారుతో సన్నటి పిన్నులు తీసి, ఆవిడ వాచీకి బకిల్ లేని సాగే గొలుసు బిగించాడు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. డ్రాయరు అడుగున దాచిన, పార్కిన్సన్స్ అని రాసి ఉన్న డాక్టరు చీటీని ఇంకోసారి చదువుకున్నాడు.

దాని మీద పేరు ఆవిడది.