పడని ఊరు

రైలు దిగిన పావుగంటకే షైనికి ఖరగ్‌పూర్ మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఆ ప్లాట్‌ఫారానికి అంతూ పొంతూ లేదు. తను దిగింది ఈ కొసన, బయటికి దారి ఆ కొసన. పైన వాన. సగం దూరంలో పెట్టె చక్రం ఊడిపోయింది. రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందని విశాఖలో ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచారు. పోస్టింగు బెంగాల్లో అని తెలిశాక అమ్మ ఏడ్చింది. ఇప్పుడు షైని వంతు.

టోటో అనే బ్యాటరీ ఆటో అతను బెంగాలీలో ఏదో అడిగాడు. ఆమె తెలుగులో ఏదో చెప్పింది. ఊరంతా తిప్పి, చివరికి విశాఖలో చర్చి పాస్టరుగారు అడ్రసు రాసిచ్చిన ఇంటి ముందు దింపాడు.

ఇంటావిడ పేరు దాలమ్మ. అరవై దాటింది, ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ముందుగది చూపించింది. మంచం, బీరువా, బీరువా మీద పాత క్రికెట్ బ్యాటు.

"పైన కారతాది. బాల్దీ ఎట్టుకో" అంది.

షైని భోరుమంది. "నేనుండలేనండీ. విశాఖ వెళ్లిపోతాను."

టీ వంచుతున్న దాలమ్మ చెయ్యి ఆగింది. "విశాఖా? ఎలాగెల్తావు?"

"మ్యూచువల్ పెట్టుకుంటాను. అక్కణ్ణుంచి నాలాంటి ఉద్యోగి ఇటు రావాలి, నేనటు వెళ్లాలి. అయినా ఈ దిక్కుమాలిన ఊరికి ఎవడొస్తాడు?"

"ఎవడో ఒకడుంటాడులే. టీ సల్లారిపోతాది, తాగు."

వారం తిరక్కుండానే విశాఖ నుంచి ఫోను. పేరు ఆమోసట. అదే ఉద్యోగం, అదే గ్రేడు. "మీ సంగతి తెలిసింది మేడమ్. నేనటు వస్తాను" అన్నాడు. ఎలా తెలిసిందని షైని అడగలేదు. ఆ సంతోషంలో అడగాలని తోచలేదు.

ఇక కాగితాలు కదలడమే ఆలస్యం. అవి రైల్వే కాగితాలు. నాలుగు నెలలు పట్టింది.

ఈ నాలుగు నెలలూ దాలమ్మది ఒకటే పాట. "ఈ ఊరు నీకు పడదు. ఎల్లిపో పిల్లా."

షైనికి జ్వరం వచ్చింది. దాలమ్మ మూడు రోజులు మంచం పక్కనుంచి లేవలేదు. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ, "సూసినావా? సెప్పినాను కదా, ఇక్కడి గాలి నీకు పడదని" అంది.

గోల్‌బజార్‌లో చేపలవాడితో నాలుగు భాషల్లో దెబ్బలాడి ఇలిస చేప తెచ్చింది. ముళ్లు ఒక్కొక్కటే ఏరి షైని కంచంలో పెట్టింది. "ముల్లు తియ్యడం రాదు. ఈ ఊర్లో ఎలా బతుకుతావే? ఎల్లిపో" అంటూనే ఇంకో ముక్క వడ్డించింది.

పొమ్మనే నోటికీ పెట్టే చేతికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. షైని నోటిని నమ్మలేదు. ముసలావిడ వేళాకోళం అనుకుని నవ్వుకునేది.

అలా నవ్వుకుంటూనే ఊరికి అలవాటు పడింది. మొదట్లో మొహం తిప్పుకున్న వర్క్‌షాపు బెంగాలీ అన్నలు టీ వేళకి "దీదీ" అని కేకేస్తున్నారు. సైరన్ మోగితే సైకిళ్లు ఏరులా బయటికొస్తాయి. అందులో తన సైకిలూ ఒకటి. మరమరాల్లో ఆవనూనె వాసనకి మొదట డోకొచ్చింది. ఇప్పుడది లేందే సాయంత్రం గడవదు.

మ్యూచువల్ కాగితం చేతికొచ్చాక నిద్ర పట్టడం మానేసింది. విశాఖ ఆఫీసువాళ్లు ఆమోసు వివరాలు నింపి, కవరులో పెట్టి పంపారు. తను విప్పి సంతకం చెయ్యడమే మిగిలింది; విప్పడానికే మనసొప్పలేదు. శుక్రవారం ఆఖరు. అమ్మ రోజూ ఫోనులో, "వచ్చేస్తున్నావా?" అంటోంది. ఆమోసు రోజూ మెసేజీ పెడుతున్నాడు: "మేడమ్, సంతకం అయిందా?"

పాపం, ఈ ఊరికి రావడానికి అతనికెందుకంత ఆత్రమో! ఇంకెవరైనా దొరక్కపోరులే అని సర్దిచెప్పుకుంది. గుండెలో ముల్లు మాత్రం కదులుతూనే ఉంది.

శుక్రవారం కవరు పట్టుకుని ఆఫీసుకెళ్లి, ఇష్టం లేదని రాసిచ్చింది.

"ఆలోచించుకున్నావా? ఇక ఈ కాగితం మళ్లీ కదలదు" అన్నాడు గుమస్తా, కవరు వెనక్కిస్తూ.

"ఆలోచించుకున్నాను."

ఇంటికి సైకిలు వేగంగా తొక్కింది. దాలమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. షైని ఆవిడ కళ్లముందే కవరు విప్పకుండా నాలుగు ముక్కలుగా చింపేసింది.

"మ్యూచువల్ వద్దని రాసిచ్చేశాను. నేనెక్కడికీ వెళ్లను. అంతా మీవల్లే!"

దాలమ్మ చాలాసేపు ఆ ముక్కలనే చూసింది.

"మల్లీ ఎట్టుకోడానికి అవ్వదా?"

"అవ్వదు. అయిపోయింది."

"ఠీక్ హై." చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. షైనికి ప్రాణం లేచొచ్చింది. తన కోసం ఇంతగా సంతోషించే మనిషి ఈ ఊళ్లో ఉంది!

"సేతులు కడుక్కో. బువ్వెడతాను." దాలమ్మ లోపలికెళ్లింది.

షైని కూనిరాగం తీస్తూ, కవరులోంచి జారిన ముక్కలు ఏరడానికి వంగింది.

చేతికొచ్చిన మొదటి ముక్క ఆమోసు వివరాలది: తల్లి పేరు దాలమ్మ, సొంత చిరునామా ఈ ఇల్లే.