మైసమ్మకు మొక్కిన కోడి

రోగి గడ్డలో ముక్కను ఇంటి కోడికి అంటించి, క్యాన్సర్ మందు ముందు దానికి ఎక్కించి చూసే రోజులవి. కోడి ఒంట్లో మందు పూట కూడా నిలవదు. అందుకే కోడలు మణెమ్మకు ఒక్క సూది పడితే కోడికి పూటపూటా పడింది. మొదట్లో గిలగిల్లాడిన దాని రెక్కలు ప్రతిసారీ సూదికి చాపి పట్టుకున్నది అత్త కిష్టవ్వ. కోడలు బతికితే ఈ కోడినే మైసమ్మకు కోస్తానని మొక్కుకున్నదీ ఆమే.

మణెమ్మకు జుట్టు మళ్ళీ వచ్చింది. కోడికి ఈకలొచ్చాయి. కిష్టవ్వ కోడిని చంకన పెట్టుకుని గుడికి నడిచింది.

"అత్తమ్మా, దీన్ని గూడ కొయ్యాల్నా?" అంది మణెమ్మ, గుడి ముందు.

కిష్టవ్వ కత్తి తీసింది. కోడి బెదరలేదు, సూదికే అనుకుని అలవాటుగా రెక్క చాచింది.

కిష్టవ్వ దాన్ని కోడలి చేతుల్లో పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

"నీ మొక్కు ఎన్నడో తీరింది మైసమ్మ తల్లీ. దీని పానం పూటకింత నీకే ఇచ్చిన."