పండగనాటి తాడు

భూమి పండగకు మా కోయగూడెం ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, వచ్చే ప్రతి బండినీ ఆపి పండగ పైసలు అడుగుతారు.

పోలీసు జీపు కనబడగానే అందరూ పక్కకు జరిగారు. అవతలి చెట్టుకు కట్టిన తాడు కొస పట్టుకుని ముత్తక్క ఒక్కతే నిలబడింది.

"ఖాకీలోళ్లకు తీసుకునుడే గని ఇచ్చుడు రాదక్కా. ఇడిచిపెట్టు," అని ఆమె చెవిలో గొణిగాను.

"పండగనాడు దారి మాది. ఎవలైనా ఆగాలె," అంది.

ఎస్సై నవ్వి, జీపులోంచే పది రూపాయల నోటు చాపాడు.

"పైసలొద్దు సారూ. పోయిన పండగకు మీ జీపుల తీసుకపోయిన మా ఇంటాయన బొజ్జయ్య ఏడున్నడో చెప్పుండ్రి. తాడు తీస్త."

ఎస్సై నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెప్పిండ్రు గద సారూ. ఇగ పోండ్రి," అని ముత్తక్క తాడు తీసింది.