నా ఇంటికి తప్ప

బొన్ పండుగకి చనిపోయినవాళ్ళు ఇళ్ళకి తిరిగొస్తారు. షిగెకి రాలేదు.

గురువారం సాయంత్రం అతని భార్య తోమొయె గుమ్మం ముందు దారి చూపే జనపపుల్లల మంట వేసింది. పోయాక వచ్చే మొదటి బొన్ కాబట్టి తెల్ల లాంతరు కట్టింది. రాత్రంతా తలుపు తీసే ఉంచింది. దోమలు తప్ప ఎవరూ రాలేదు.

తన మీద కోపంతోనే పోయాడా మొగుడు? జనవరి నుంచి ఆ ప్రశ్నే ఆమెను తినేస్తోంది. రేవు దగ్గర అలలకు అడ్డంగా కట్టిన గోడ మీద అతని బూట్లు దొరికాయి, పక్కపక్కనే పొందికగా. మనిషిని మాత్రం సముద్రం తిరిగివ్వలేదు.

శనివారం పొద్దున్నే రైలెక్కి అతని సొంతూరు వెళ్ళింది. ఎవరికైనా కనబడ్డాడేమో, కలలోనైనా ఏదైనా చెప్పాడేమో అడగాలి.

మొదట మంగలి కురోయివా దగ్గరికి వెళ్ళింది. షిగెకి చిన్ననాటి స్నేహితుడు. పండుగని షాపు మూశాడు. లోపల గిన్నెలో మాత్రం గడ్డం సబ్బు నురగ ఇంకా చిటచిటమంటోంది.

"ఇదెవరికి?"

కురోయివా తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "వాడికేనమ్మా. అందరూ పళ్ళూ పూలూ పెడతారు. నేను మంగలివాణ్ణి, నా దగ్గరున్నది పెట్టాను."

ఆమె కళ్ళు చెమర్చాయి. "వచ్చాడంటారా?"

"వచ్చే ఉంటాడు. గడ్డం మాసితే వాడికి చిరాకు కదా."

తోమొయె కుంచె కడిగి తలకిందులుగా తగిలించింది. "తడి కుంచె నిలబెడితే పాడైపోతుంది కురోయివా గారూ."

మధ్యాహ్నం ఆడపడుచు మిఫుయు ఇంట్లో చల్లటి నూడుల్స్ తింది. వసారాలో మగవాళ్ళ చొక్కా ఒకటి నీళ్ళు కారుతోంది. మిఫుయు మొగుడు ఆ చొక్కాలో సగం కూడా ఉండడు.

"అన్నయ్యది, వదినా. వస్తే వేసుకుంటాడని ఉతికాను."

తోమొయె లేచి వెళ్ళి, చొక్కా దులిపి, కాలరు సరిచేసి మళ్ళీ ఆరేసింది.

"చచ్చినవాళ్ళకి కూడా కాలరు మడత చూస్తావా నువ్వు?" మిఫుయు నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "సాయంత్రం రైలుకి వెళ్ళిపోతావుగా వదినా?"

అత్తగారింటికి వెళ్ళేసరికి పొద్దు వాలింది. ఇంట్లో ధూపం పొగ. పూజాపీఠం ముందు చిన్న బల్ల మీద అన్నం, మీసో అనే సోయా ముద్ద పూసి కాల్చిన వంకాయ. వంకాయ సగమే ఉంది. పక్కన కూర్చునే దిండు గుంటపడి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

తోమొయె దాని మీద చెయ్యి పెట్టింది.

"అత్తయ్యా, ఇక్కడెవరు కూర్చున్నారు?"

"ఎవరు కూర్చుంటారే? వాడి దిండు, వాడి అన్నం."

"వెచ్చగా ఉంది."

"ఆగస్టులో అన్నీ వెచ్చగానే ఉంటాయి." అత్తగారు ధూపం మళ్ళీ వెలిగించింది.

తోమొయె చాప మీద నుదురు ఆనించి ఏడ్చింది. "అందరిళ్ళకీ వచ్చాడు అత్తయ్యా, నా ఇంటికి తప్ప. నేనేం చేశానని? ఒక్కసారి వచ్చి, కోపం లేదని తెలియజేస్తే చాలు."

ముసలామె పక్కకి వచ్చి కూర్చుంది. కోడలి వీపు నిమిరింది.

"కోపం కాదే. వాడు చిన్నప్పటి నుంచీ పిరికివాడు. మర్చిపో వాణ్ణి. నీకింకా వయసుంది, ఇంకో పెళ్ళి చేసుకో."

సంచీ నిండా వంకాయలు పెట్టి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. తోమొయె వాలు దారిలో దిగి బస్టాపుకి చేరింది. బస్సు దూరంగా కనిపించింది కూడా. అప్పుడు తట్టిందామెకు. అతనంతట అతను రాకపోతే, తనే తీసుకుపోతుంది. ఆ వెచ్చటి దిండు అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కితే, దానితోపాటు అతనూ వస్తాడు.

వచ్చిన దారినే గబగబా వెనక్కి ఎక్కింది. తలుపు వేసి లేదు. గుమ్మంలో వంగి చెప్పులు విప్పుతుండగా కాగితపు తలుపు అవతల గిన్నెల చప్పుడు, వెనకే అత్తగారి గొంతు వినిపించాయి.

"బస్సెక్కేసి ఉంటుంది గానీ, ఇక అల్మరాలోంచి బయటికి రారా, అన్నం చల్లారిపోతోంది."