పడవ మోటారు బాగైతే

బావ గడ్డం గీసుకునే బ్లేడుతో, నూనె కారకుండా మోటారుకు వేసే కొత్త రబ్బరు సీల్ లోపలి అంచు మీద సన్నగా ఒక గాటు పెట్టి, దాన్ని మళ్ళీ పొట్లంలో చుట్టేశాడు. పోయినవారం వచ్చిన సీల్‌కీ ఇదే మర్యాద జరిగింది.

బావమరిది ఒక్కరోజు ఉండి పోదామని అవతలి ఒడ్డు నుంచి తన పాత పడవలో వచ్చాడు. వచ్చేసరికి మోటారుకి నూనె ఉండే పెట్టె, క్రాంక్‌కేస్ కింద నుంచి నూనె కారుతోంది. భార్య పోయాక అతను పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు మింగి పడుకుంటున్నాడని అక్కకు తెలిసింది.

"ఇక్కడే ఉండిపోరా" అంది.

"అక్క ఇంట్లో తిష్ఠ వేశాడంటారు. మోటారు బాగవగానే పోతా."

అది బాగవకుండా చూసే పూచీ బావ నెత్తిన వేసుకున్నాడు.

"ఏరా, ఇవాళైనా కదులుతావా? నీ గురకకి గోడలు బీటలిస్తున్నాయి" అన్నాడు పొట్లం అందిస్తూ.

"మీ ఇంట్లో కాఫీ తాగలేక నేనే పారిపోదామనుకుంటున్నా బావా."

"పెట్టింది మీ అక్క."

"అయితే అమృతం!"

బావమరిది మోటారు విప్పి పాత సీల్ ఊడబెరికాడు. కొత్తదానికి గ్రీజు రాసి, ఇనుప గొట్టం ముక్క ఆనించి, సుత్తితో నెమ్మదిగా దిగ్గొట్టాడు. గాటు కంటబడుతుందేమోనని బావ ఊపిరి బిగబట్టాడు. పడినట్టు లేదు.

అన్నీ బిగించి, మోటారును నీళ్ళ డ్రమ్ముకు తగిలించి తాడు లాగారు. మోటారు హుషారుగా అందుకుంది. కాసేపాగి బావమరిది క్రాంక్‌కేస్ కింద చెయ్యి పెట్టి చూశాడు. వేళ్ళు నూనెతో మెరిశాయి.

"ఇంత వయసొచ్చింది, ఒక్క సీల్ సరిగ్గా వెయ్యలేవు!" బావ విరుచుకుపడ్డాడు.

"పాపం, వాణ్ణేం అనకండి" కిటికీలోంచి అక్క నవ్వాపుకుంటూ అంది.

"ఇంకోటి రావాలంటే మళ్ళీ వారం. ఏం చేస్తాం, ఇక్కడే పడి ఏడు!"

"తప్పుతుందా బావా" బావమరిది తల వంచుకున్నాడు.

బావ గొంతు తగ్గింది. "ఆ మంచం కిటికీ దగ్గరికి లాక్కో. గాలొస్తుంది."

ఈల వేసుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

బావమరిది మంచం జరుపుకున్నాడు. ఇన్నాళ్ళూ విప్పని సంచి విప్పి, బట్టలన్నీ అలమరలో సర్దుకున్నాడు.

సంచి అడుగున, ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న కొత్త సీల్ ఒక్కటే మిగిలింది.