లింగమ్మ చెయ్యి

నా కూతురు మేనక వాళ్లమ్మ చేతిని దొంగిలించింది.

తోలుబొమ్మకు కళ్లు చివరన గీస్తారు. నా భార్య లింగమ్మ స్నానం చేసి, దీపం వెలిగించి గీసేది. ఆమె మంచాన పడ్డాక, చిత్రకళలో ఎంఎఫ్‌ఏ చదివే మేనక ఒక తొడుగు తెచ్చి, "నొప్పి తగ్గుతుందిమా" అంటూ ఆమె చేతికి తొడిగింది. లింగమ్మ ఆ తొడుగుతోనే ఆఖరి సీతమ్మ బొమ్మకు కళ్లు గీసి, ప్రాణం విడిచింది.

ఇప్పుడు ఎంఎఫ్‌ఏలో ఎవరూ బొమ్మలు గీయరు. యంత్రానికి ఒకరి చేతివాటం నేర్పితే పట్టా ఇస్తారు. మేనక పరీక్షనాడు కాలేజీకి వెళ్లాను. ఆ తొడుగు పట్టుకున్న కదలికలతో యంత్రం లింగమ్మలాగే ఒక్క క్షణం ఆగి, మంచాన పడ్డాక వచ్చిన అదే వణుకుతో చెప్పుల కంపెనీ అట్టపెట్టెల మీద సీతమ్మ కళ్లు గీస్తోంది.

"చూసినావా నాయనా? అమ్మ చెయ్యి ఇంక చావదు."

"అమ్మను అడిగినావా?"

"అడిగితే వొద్దనేది గదా!"

లేచి వచ్చేశాను. మేనక ఇంటికొస్తే అన్నం పెడతాను. వాళ్లమ్మ చెయ్యి మాట మాత్రం చచ్చేదాకా ఎత్తను.